జిగురు

గిరింపేటలో మందులషాపు మీద మిద్దె,
మిద్దె మీద మా పళ్ళాసుపత్రి.
డాక్టరమ్మ పేరు హేమవల్లి. నేను షంషాద్,
రబ్బరు గిన్నెలో పొడి కలిపేదాన్ని,
ఆరేళ్ళుగా.

పెరటాసి మూడో శనివారం
ఐరాల పక్కనించి వచ్చినాడు చెంగల్రాయులు,
బెల్లం వండే మనిషి.
నాలికతో పాకం పదును చూసీ చూసీ
కింది దవడలో పన్నొకటి గుల్లైపోయింది.
నొసట నామం. కర్చీఫు మూటలో లవంగాలు.

పీకడం అయింది. నెత్తురు నిలవడం లేదు.
నేను స్పాంజి ముక్క కత్తిరిస్తా ఉంటే
గాజుగుడ్డ కరుచుకోనే అడిగినాడు:
"అది దేంతో చేసిందమ్మా?
ఈ నెల నేను నీచు ముట్టను."

డాక్టరమ్మ నన్ను చూసింది.
నేను డబ్బాను చూసినా.
చీమల బారు లాంటి అక్షరాలు,
ఆరేళ్ళుగా నా చేతికిందే ఉన్నవి.
పంది తోలు.
ఉడకబెట్టి, వడగట్టి, నురగ్గొట్టి, ఆరబెట్టి
ఇంత తెల్లగా, ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా చేసిన
పంది తోలు.

ఆమె దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసి,
"పత్తితో చేసింది కూడా ఉంది,
కొంచెం ఖరీదు" అనింది.
"పత్తా?" నెత్తుటి నోటితోనే నవ్వినాడు.
"మా తాత ఏసి మునిగిన పంట. పెట్టు తల్లీ,
ఈ విధంగానన్నా మాకు పనికొస్తాది."
గుంటలో ఆ పత్తి అల్లిక నల్లబడి
మెత్తగా గడ్డకట్టి నెత్తురును ఆపింది.

ఆ రాత్రి ఇంట్లో అమ్మ రొట్టెలు చేస్తా ఉండాది.
పోయిన రంజాన్ అయినాక
ఆమె దవడ పన్ను తీసిన దినం
స్పాంజి అందించింది ఈ చెయ్యే.
ఆరు వారాల్లో కరిగిపోతాదంటారు.
కరిగి యాడికి పోతాది?
"ఏమే, అట్ల చూస్తావు, తిను" అనింది అమ్మ,
ఎడమ పక్క దవడతో నములుతా.
తిన్నా.

కార్తీకంలో మళ్ళీ వచ్చినాడు, కట్టుడు పన్నుకు అచ్చు తీసేదానికి.
గానుగలు మొదలైనట్టుండాయి,
చొక్కా నిండా చెరుకుపిప్పి పొగ.
నేను గులాబీ పొడిలో నీళ్ళు పోసి
గిన్నె అంచుకు రుద్ది రుద్ది కలుపుతా
ఈసారి అడక్కముందే చెప్పినా:
"సముద్రపు నాచు, అన్నా."

వేలితో ఇంత తీసుకోని
బొటనవేలికి రాసి, సాగదీసి చూసినాడు.
"నాచేంది పాపా, ఇది బెండకట్టె రసం గదా!
అదే జారుడు, అదే తీగ.
పెనంలో పోస్తే మడ్డంతా పైకి తేలతాది,
జల్లెడతో దేవేస్తాం.
నా నోట్లో పోస్తే ఏం తేలతాదో?"

నోరు మూసినాం.
రెండు నిమిషాలు ముక్కుతో ఊపిరి, కళ్ళల్లో నీళ్ళు.
తీసేటప్పుడు చప్‌మని చప్పుడు,
బురదలోంచి కాలు పెరికినట్టు.
చూపిస్తే తిప్పి తిప్పి చూసుకున్నాడు.
ఉన్న పళ్ళన్నీ గుంటలు,
లేని పన్ను ఒక్కటే మెరక.

దీన్ని ఊరికే పెట్టకూడదు.
తడి ఆరితే కుంచించుకుపోయి
అబద్ధం చెప్తాది.
వెంటనే గచ్చు పొయ్యాల.

పని అయినాక ఆ సాయంత్రమే
బీరువాలో ప్రతి డబ్బాకూ చీటీ అంటించినా,
తెలుగులో, పెద్దక్షరాలతో:
పంది. పశువు. పత్తి. నాచు. రొయ్య పెంకు.
పంటి వేరులో నింపే కడ్డీలకు: చెట్టు పాలు.
డాక్టరమ్మ వచ్చి చూసి
'పెంకు'కు సున్నా మరిచినానని
పెన్ను తీసుకోని పెట్టింది.

మాఘంలో చెంగల్రాయులు
కొత్త పన్నుతో పాటు బెల్లం దిమ్మె తెచ్చినాడు,
పళ్ళ డాక్టరింటికి బెల్లం!
కౌంటరు మీదే పగలగొట్టి అందరం తిన్నాం,
డాక్టరమ్మ కూడా.

అమ్మకు పై దవడలో ఇంకొకటి కదలతా ఉండాది.
వచ్చే వారం పిలుచుకోని రమ్మనింది డాక్టరమ్మ.
అమ్మకు తెలుగు చదవను రాదు.
ఉర్దూలో చీటీలు
ఇంకా రాయలేదు నేను.